సింకు మాటిమాటికీ నిలిచిపోతుంటే ముందు పెరట్లో చాంబర్ మూత తీయండి

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర పల్లెలో ఇల్లు కట్టుకుని ఆరేళ్లయింది. వంటింటి సింకు రెండు మూడు నెలలకోసారి నిలిచిపోతోంది. వానలు ముదిరితే కింది బాత్రూంలో నీళ్లు పోవడం లేదు. ప్లంబర్‌ని పిలిస్తే యాసిడ్ పోసి వెళ్తున్నాడు, నాలుగు రోజులు బాగుండి మళ్లీ మామూలే. అసలు ఇది రాకుండా ఏం చేయాలి అని.

ఇందులో రెండు జబ్బులున్నాయండీ. సింకుది ఒకటి, బాత్రూంది ఇంకొకటి. రెండింటికీ ఒకే మందు పోస్తున్నారు కాబట్టే ఏదీ తగ్గట్లేదు. నేను కోనసీమలోనూ భీమవరం వైపూ ఇళ్ల పైపుల పని చాలా ఏళ్లుగా చేయిస్తున్నాను. మన డెల్టాలో నేల పలక మీద పలక వేసినట్టు చదును. ఎత్తు ప్రాంతాల్లో నీటికి పల్లం దొరుకుతుంది కాబట్టి చిన్నచిన్న తప్పులు నీటి జోరులో కొట్టుకుపోతాయి. ఇక్కడ ఆ జోరు లేదు. పైపులోకి ఏం వెళ్తుందో మనమే చూసుకోవాలి, బయటికి ఎలా వెళ్తుందో కూడా మనమే చూసుకోవాలి.

ముందు అడ్డం ఎక్కడుందో తేల్చుకోండి. ఒక్క సింకులోనే నీళ్లు మెల్లగా పోతూ మిగతా చోట్ల బాగానే పోతుంటే, అడ్డం ఆ సింకు కింద ట్రాప్‌లోనో (వాసన పైకి రాకుండా కొంచెం నీళ్లు నిలిచే భాగం), అక్కడి నుంచి బయటి చాంబర్ (పైపులు వచ్చి కలిసే, మూత ఉన్న చిన్న తొట్టి) దాకా ఉన్న పైపులోనో ఉంటుంది. ఇంట్లో అన్నీ ఒకేసారి మందగిస్తే మెయిన్ లైన్‌లో. మేడమీద ఎవరో స్నానం చేస్తుంటే కింది బాత్రూం జాలీలోంచి నీళ్లు ఉబికితే, రెండంతస్తుల పైపులూ కలిసిన చోటుకి దిగువన ఉంది. వాన పడ్డప్పుడు మాత్రమే నిలిచి, వాన వెలిసిన రెండు మూడు రోజులకి దానంతటదే పోతుంటే మీ పైపులో బహుశా అడ్డమేమీ లేదు, నీళ్లు వెళ్లి కలవాల్సిన వీధి కాలువే నిండి ఉంది. మీ బాత్రూం గురించి మీరు రాసింది చదివితే నాకు అదే అనిపిస్తోంది.

ఇది రూఢి చేసుకోవడానికి పెరట్లో చాంబర్ మూత తీయాలి. ఇంట్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు చాంబర్ ఖాళీగా కనబడితే అడ్డం ఇంటికీ చాంబర్‌కీ మధ్య. చాంబర్ నిండుగా ఉంటే దాని తర్వాత. ఈ ఒక్క చూపుతో సగం పని అయిపోతుంది. కానీ ఎన్ని ఇళ్లల్లో ఆ మూత తీసే వీలుంది? టైల్స్ పరిచేస్తారు, సిమెంటు పూసేస్తారు, పెద్ద పూలకుండీలు పెట్టేస్తారు. ఇంటి అందం కోసం చాంబర్‌ని పూడ్చేయడం అంత చేటు మరోటి లేదు. మీ ఇంట్లో అలా ఉంటే అన్నిటికన్నా ముందు చేయించాల్సిన పని దాన్ని తవ్వి బయటికి తెచ్చి, ఇద్దరు మనుషులు సులువుగా లేపగలిగే మూత పెట్టించడం. మూతకి రెండు ఇనుప కొక్కేలు ఉండాలి.

ఇక సింకు సంగతి. నిలిచిపోయిన వంటింటి పైపుని కోసి చూస్తే లోపల ఎప్పుడూ ఒకటే దృశ్యం. పైపు గోడకి చుట్టూ బూడిద రంగు జిడ్డు పొర, కొవ్వొత్తి మైనంలా గోరుతో గీకితే పెళ్లలుగా ఊడొస్తుంది. అడుగున మాత్రం పొర మందంగా, గరగరలాడుతూ ఉంటుంది. దాన్ని విడదీసి చూస్తే అందులో కొబ్బరి పీచు పోగులు, చింతపండు ఈనెలు, కరివేపాకు రెబ్బలు, చేప పొలుసులు, టీపొడి ఒకదానిలో ఒకటి అల్లుకుని కనిపిస్తాయి. రెండంగుళాల పైపులో నీళ్లు పోవడానికి చివరికి వేలు పట్టేంత కంత మిగులుతుంది. ఆ కంతకి ఒక్క ముద్ద మెతుకులు అడ్డం పడ్డ రోజున మీరు ప్లంబర్‌కి ఫోన్ చేస్తారు. ఆ రోజు పడ్డ మెతుకులది కాదు తప్పు.

జిడ్డు పొర ఎలా కడుతుందంటే, నెయ్యి, కొబ్బరినూనె, పామాయిల్ వేడిగా ఉన్నప్పుడు నీళ్లతో పాటు జారిపోతాయి, పైపులోకి వెళ్లి చల్లారాక పేరుకుంటాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మన దగ్గర అంతకన్నా చల్లగానే ఉంటాయి. సరిగ్గా ఆ నెలల్లోనే సంక్రాంతి పిండివంటలు. అరిసెలు, జంతికలు, చక్కిలాలు వండిన మూకుడు తిన్నగా సింకులో పెట్టి సబ్బుతో కడిగేస్తే, ఆ నూనె ఏడాదంతా పడిన దానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. మూకుడు, నెయ్యి గిన్నె, చేపల పులుసు దాక కడిగే ముందు పాత పేపరుతోనో బూడిదతోనో తుడిచి, ఆ పేపరూ బూడిదా చెత్తబుట్టలో వేయండి. వంటింటి డ్రెయిన్‌కి ఇంతకన్నా పెద్ద సేవ లేదు.

బూడిద అన్నాను కాబట్టి ఇంకో మాట. బూడిదతో అంట్లు తోమే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. పెరట్లో తోమి ఆ నీళ్లు అరటి పాదుకి పోతే మంచిదే. అదే బూడిదతో సింకులో తోమితే మాత్రం అది నీళ్లతో కొట్టుకుపోదు, ట్రాప్ అడుగున దిగి బిగుసుకుపోతుంది. కొబ్బరి పీచుతో తోమితే పోగులు రాలుతూనే ఉంటాయి, అవి జిడ్డుని పట్టి ఉంచుతాయి. పీచు వాడొద్దనను, సింకు జాలీ కన్నాలు సన్నగా ఉండేలా చూసుకోండి. బజార్లో దొరికే స్టీలు జాలీ, గిన్నె ఆకారంలోది, సింకు కంతలో కూర్చుంటుంది. అంట్లు తోమడానికి వచ్చే అమ్మాయికి ఆ జాలీ తీసేసి మెతుకులు లోపలికి తోసే అలవాటు ఉంటుంది, నీళ్లు త్వరగా పోతాయని. కోప్పడకుండా కారణం చెప్పండి. పక్కనే ఒక చిన్న డబ్బా పెట్టి మెతుకులు, పిప్పి అందులో దులపమనండి.

చింతపండు పిప్పి, ఇడ్లీ పిండి కడిగిన నీళ్లు, గంజి, ఈ మూడూ మన వంటిళ్లలో రోజూ ఉండేవే. చిక్కటి గంజి పైపులో చల్లారి జిగురు పొర కడుతుంది. పిండి గిన్నె కడిగిన మొదటి నీళ్లు, గంజి, బియ్యం కడుగు పెరట్లో మొక్కలకి పోయండి, పశువులుంటే కుడితిలో పోయండి. మన పెద్దవాళ్లు చేసింది అదే. చేపలూ రొయ్యలూ సింకులో శుభ్రం చేయకండి. పొలుసు పలచగా ఉండి పైపు గోడకి అతుక్కుంటే ఊడదు. బయట కత్తిపీట వేసుకుని చేసి, వచ్చిన వ్యర్థం కొబ్బరి మొదట్లో జానెడు లోతున పూడ్చిపెట్టండి. పైపైన వేస్తే కుక్కలు లాగేస్తాయి.

ఇంత చేసినా కొంత జిడ్డు పోతుంది. అందుకే వంటింటి గొట్టం బయటికి వచ్చిన చోట, మెయిన్ లైన్‌లో కలవక ముందు, జిడ్డు పట్టే చిన్న తొట్టి కట్టించమని నేను అందరికీ చెబుతాను. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు ఉంటే ఒక కుటుంబానికి సరిపోతుంది. ఒకవైపు సింకు నీళ్లు పడతాయి. అవతలి వైపు బయటికెళ్లే పైపుకి ఒక టీ (ఇంగ్లీషు T అక్షరంలా మూడు మూతులుండే పైపు ముక్క) నిలువుగా బిగించి, దాని కింది కాలు నీళ్లలోకి ముప్పాతిక అడుగు మునిగేలా పెట్టాలి. నూనె పైకి తేలుతుంది, మెతుకులూ బూడిదా అడుక్కి దిగుతాయి, నడుమ ఉన్న నీళ్లు మాత్రమే టీ కాలులోంచి బయటికి పోతాయి. టీ పైమూతి తెరిచే ఉంచితే పుల్ల పెట్టి శుభ్రం చేసుకోవచ్చు. నెలకోసారి పైన తేలిన మడ్డిని పాత గరిటెతో తీసేయాలి, అడుగున చేరిందాన్ని తోడేయాలి. వాసన వస్తుంది, ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ పావుగంట పని. ఈ తొట్టి ఉన్న ఇళ్లల్లో సింకు లైన్ నిలిచిందన్న మాట నాకు చాలా అరుదుగా వినబడింది.

యాసిడ్ గురించి గట్టిగా చెప్పాలి. బాత్రూం యాసిడ్ జిడ్డుని కరిగించదు. గచ్చు మీద తెల్లటి మరకలు పోగొడుతుంది తప్ప నూనె మీద దాని ప్రభావం లేనట్టే. మీకు ఆ నాలుగు రోజులు బాగుండటానికి కారణం యాసిడ్ తర్వాత మీ ప్లంబర్ బకెట్లతో కుమ్మరించిన నీళ్లు. ఈలోగా అది చాంబర్ సిమెంటుని తింటుంది, స్టీలు సింకుని మచ్చలు చేస్తుంది, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్ని చంపుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. పొట్లాల్లో అమ్మే డ్రెయిన్ పౌడర్లు చాలావరకు కాస్టిక్ సోడానే. అది జిడ్డు మీద పనిచేస్తుంది, నిజమే, కానీ నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది, ఎక్కువ వేసి వదిలేస్తే లోపలే గడ్డకట్టి బిగుసుకుంటుంది. అది వేసిన పైపులో ఆ తర్వాత యాసిడ్ పోస్తే ఎగజిమ్మి మొహం మీద పడుతుంది. ప్లంబర్ వచ్చినప్పుడు అంతకు ముందు మీరేం పోశారో తప్పకుండా చెప్పండి, పాపం ఆయన చేతులు పెట్టేది అందులోనే. సలసల కాగే నీళ్లు కూడా వద్దు, పీవీసీ పైపు ఆ వేడికి మెత్తబడి వాలిపోతుంది. చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లు వారానికోసారి ఒక బకెట్ పోస్తే చాలు.

ఇప్పుడు వానాకాలం బాధ. ఇది వాటానికి, అంటే పైపు వాలుకి సంబంధించింది. నాలుగంగుళాల మురుగు పైపుకి 40 అడుగులకి ఒక అడుగు చొప్పున వాటం ఉండాలి, అంటే పదడుగులకి మూడంగుళాలు. మీ వెనక బాత్రూం నుంచి వీధి కాలువకి 60 అడుగులుందనుకోండి, పైపు చివర మొదలుకన్నా అడుగున్నర కిందికి ఉండాలి. ఆ అడుగున్నర మన ఊళ్లల్లో ఎక్కడ దొరుకుతుంది? రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర పోస్తారు, దాంతో పాటు కాలువ గట్టూ లేస్తుంది. ఇల్లు కట్టినప్పుడు రోడ్డుకన్నా ఎత్తులో ఉన్న గచ్చు కొన్నేళ్లకి రోడ్డుతో సమానమవుతుంది. ఆ వీధి కాలువ నీళ్లు వెళ్లి కలిసేది పెద్ద మురుగు కాలువల్లో, భీమవరంలో యనమదుర్రు లాంటివాటిలో. అవి సముద్రంలో కలవాలి. తీరం దగ్గరి ఊళ్లల్లో అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ నీళ్లు కదలవు. పైన వాన, కింద పోటు కలిసొచ్చిన రోజున మీ బాత్రూంలో నీళ్లు నిలబడటానికి మీ ప్లంబర్ ఏం చేయగలడు చెప్పండి.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. లెవెల్ ట్యూబుతో (మేస్త్రీలు ఎత్తు కొలవడానికి వాడే, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) రెండు కొలతలు తీయించండి: మీ చివరి చాంబర్‌లో పైపు అడుగు ఎంత ఎత్తులో ఉంది, వీధి కాలువలో వాననీళ్లు నిలిచిన గుర్తు ఎంత ఎత్తులో ఉంది. గుర్తు పైపుకన్నా పైన ఉంటే, చివరి చాంబర్ నుంచి బయటికి వెళ్లే గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. లోపలి నీళ్లు బయటికి పోతాయి, బయటివి లోపలికి రావు. దాని రెక్కలో చిన్న గుడ్డపేలిక ఇరుక్కున్నా మూసుకోదు కాబట్టి జూన్‌కి ముందు ఒకసారి తీసి కడగాలి. తేడా మరీ ఎక్కువైతే చాంబర్‌లో చిన్న మురుగు పంపు పెట్టి ఎత్తి పోయడమే దారి. కొందరు వాటం లేదని ఆరంగుళాల పైపు వేస్తారు. పైపు పెద్దదైతే నీళ్లు పలచగా పరుచుకుని పారతాయి, మడ్డి అక్కడే దిగిపోతుంది. వాటం లేని లోటుని సైజు పూడ్చలేదు.

స్థలం ఉన్నవాళ్లకి నేనిచ్చే సలహా ఇంకోటుంది. వంటింటి నీళ్లూ బట్టలుతికిన నీళ్లూ వీధి దాకా పంపడం మానేసి, జిడ్డు తొట్టి దాటించి పెరట్లో అరటి పాదులకీ కొబ్బరి చెట్లకీ మళ్లించండి. మురుగు లైన్ మీద భారం బాగా తగ్గుతుంది. మరుగుదొడ్డి నీళ్లు మాత్రం ఎప్పుడూ కలపకూడదు. కొబ్బరి చెట్టుకి దగ్గరగా జాయింట్లున్న పైపు వేయించకండి. కొబ్బరి వేళ్లు సన్నగా, గుత్తులుగా పెరుగుతాయి. ఎక్కడ చెమ్మ ఊరుతుంటే అక్కడికి చేరి జాయింటు సందులోంచి దూరి లోపల గడ్డంలా పెరుగుతాయి. పాత పింగాణీ తూములున్న ఇళ్లల్లో ఇది మరీ ఎక్కువ.

ఈ పనులన్నీ ఎప్పుడు చేయించాలంటే, వేసవిలో పంట కాలువలకి నీళ్లు ఆపేశాక. అప్పుడు నేలలో నీటిమట్టం దిగుతుంది, గుంట తవ్వితే ఊట రాదు, పైపు అడుగున మట్టి గట్టిగా దిమ్మిస చేయొచ్చు. కాలువలకి నీళ్లు వదిలాక తవ్వితే బురదలో పైపు పరవాల్సి వస్తుంది, ఎంత జాగ్రత్తగా వేసినా ఏడాదిలో కుంగి నడుమ పొట్ట పడుతుంది. ఆ పొట్టలోనే మడ్డి చేరుతుంది. మీది నల్లమట్టి అయితే ఇంకో చిక్కు. ఎండకి నెర్రెలిచ్చి, వానకి ఉబ్బి పైపుని అటూ ఇటూ లాగుతుంది. అందుకే పైపు కిందా చుట్టూ జానెడు మందం ఇసుక పోయించండి. ఇసుకకి అయ్యే ఖర్చుకి వెనకాడి తర్వాత గచ్చంతా పగలగొట్టించుకున్న వాళ్లని చూశాను.

బాత్రూం జాలీ కింద ఉండేది నహానీ ట్రాప్. జాలీ ఎత్తితే లోపల గిన్నెలాంటి మూత ఉంటుంది, అది తిప్పితే ఊడుతుంది. తీసి చూడండి: జుట్టు ఉండలు, వాటికి పట్టుకున్న సున్నిపిండి, కుంకుడుకాయ పిప్పి, షాంపూ ప్యాకెట్ చించిన మూల ముక్కలు. ఆ మూల ముక్కలు గోరంతే ఉంటాయి, జాలీలోంచి తేలిగ్గా దూరి ట్రాప్ మెడలో అడ్డంగా నిలబడతాయి. ప్యాకెట్లు చించి వేయడానికి బాత్రూంలో ఒక చిన్న డబ్బా తగిలించండి. కుంకుడు రసం బయటే వడగట్టి తెచ్చుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లల్లో సబ్బు నురగ రాకుండా తెల్లటి మడ్డిగా మారుతుంది, అలాంటి చోట్ల ట్రాప్ పదిహేను రోజులకోసారి తీయాల్సిందే. కడిగాక ఆ గిన్నె మళ్లీ పెట్టడం మరిచిపోవద్దు. అది తీసేస్తే నీళ్లు జోరుగా పోతాయని పక్కన పడేసేవాళ్లున్నారు. అందులో నిలిచే నీళ్లే లైన్‌లోని దుర్వాసననీ బొద్దింకల్నీ ఆపేది.

శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, తడి టిష్యూలు కమోడ్‌లో వేయకూడదని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా వచ్చిపోయే చుట్టాలకీ తెలియాలి. ప్యాడ్ నీళ్లు పీల్చి ఉబ్బితే, అడ్డం తీయడానికి ప్లంబర్లు పైపులోకి తోసే పొడవాటి స్ప్రింగ్‌కి కూడా లొంగదు. బాత్రూంలో మూత ఉన్న బుట్ట పెడితే ఎవరూ చెప్పించుకోకుండానే అందులో వేస్తారు.

సెప్టిక్ ట్యాంకు రెండు మూడేళ్లకోసారి తోడించండి, అదీ వేసవిలోనే. వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న ఊట నీరు కిందినుంచి ఎత్తి, తేలికపాటి ట్యాంకుని కదిలిస్తుంది, గోడలు బీటలిస్తాయి. నీటిమట్టం పైకుండే మన నేలలో ఇంకుడు గుంత కూడా వానాకాలంలో ఇంకదు, అందువల్ల ట్యాంకు వెనక్కి తన్ని కమోడ్‌లో నీళ్లు పైకొస్తాయి. తోడించేటప్పుడు మనిషిని మాత్రం లోపలికి దించకండి. ఆ గుంతలో ఉండే విషవాయువుకి ఒక్క శ్వాసలో మనిషి పడిపోతాడు, రక్షించడానికి దిగినవాడూ పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనుషులతో ఆ పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మోటారు ఉన్న లారీని పిలవండి, గొట్టం వేసి లాగుతారు. ట్యాంకు గాలి గొట్టం పైన దోమల జాలీ కట్టి ఉందో లేదో అప్పుడే చూడండి. ఆ జాలీ దుమ్ము పట్టి మూసుకుపోతే నీళ్లు గుడగుడలాడుతూ నింపాదిగా పోతాయి, అందరూ అడ్డం ఉందనుకుంటారు.

డాబా మీది వాననీళ్ల గొట్టం మురుగు లైన్‌లో కలిపి ఉంటే విడదీయించండి. కొబ్బరి తోటల నడుమ ఉన్న ఇళ్లల్లో డాబా మీద కొబ్బరి పూత, పిందెలు, ఎండిన ఈనెలు రోజూ రాలతాయి. తొలకరికి అవన్నీ ఒక్కసారి కొట్టుకొచ్చి చాంబర్‌లో పడతాయి. మే నెలాఖర్లో డాబా ఊడిపించి, గొట్టం మూతికి జాలీ బిగించండి.

ఈసారి సింకు నిలిస్తే ఏం చేయాలో కూడా చెబుతాను. కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ (సింకు కింద సీసా ఆకారంలో ఉండే ట్రాప్) అడుగు గిన్నెని చేత్తో తిప్పి ఊడదీయండి, ఎక్కువసార్లు అడ్డం అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే సింకులో నాలుగంగుళాలు నీళ్లు ఉంచి, పొంగు కన్నం (సింకు నిండి పొర్లకుండా పైఅంచు దగ్గర ఉండే కన్నం) తడిగుడ్డతో మూసి, రబ్బరు పంపుతో గట్టిగా కొట్టండి. గుడ్డ పెట్టకపోతే ఒత్తిడంతా ఆ కన్నంలోంచే పోతుంది. అదీ పనిచేయకపోతే చాంబర్ వైపు నుంచి స్ప్రింగ్ పెట్టించండి, ఇంటి వైపు నుంచి కాదు. ఇంటి వైపు నుంచి తోస్తే అడ్డం ఇంకా ముందుకెళ్లి పైపు వంపులో బిగుస్తుంది. వెదురు బద్ద వాడితే మొన గుండ్రంగా చెక్కి గుడ్డ చుట్టాలి, లేకపోతే పీవీసీ వంపులు చిల్లులు పడతాయి.

లెవెల్ ట్యూబు కొలతలు తీయించాక రెండు అంకెలూ, చాంబర్ నుంచి వీధి కాలువకి ఎన్ని అడుగులుందో అదీ ఇక్కడ రాయండి. వాల్వ్ సరిపోతుందా, పంపు దాకా వెళ్లాలా అన్నది ఆ మూడు అంకెలు చూస్తే చెప్పేయొచ్చు.